మ్యూజియంలో ఎవరి మాట చెల్లుతుంది?

అమరావతి మహాస్తూపానికి చెందిన సున్నపురాతి పలకల్లో ఒకదాని మీద పూర్ణఘటం చెక్కి ఉంది. దాంతోపాటే ప్రాకృతంలో చిన్న దానశాసనం కూడా ఉంది. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు, తోళ్ల పని చేసుకునే విధికుడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, బంధుమిత్రులతో కలిసి ఈ పలకను సమర్పించుకున్నాడని దాని సారాంశం. ఆ స్తూపం ఒక్క రాజుగారి ఖజానాతో లేచినది కాదు. వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు, చేతిపనివాళ్లు తలా ఒక పలక, తలా ఒక స్తంభం ఇచ్చారు. ఇచ్చినవాళ్ల పేర్లు రాళ్ల మీదకెక్కాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు ఇళ్లకు రాళ్ల కోసం ఆ దిబ్బ తవ్వారు. తర్వాత కాలిన్ మెకంజీ బొమ్మలు గీయించాడు, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి శిల్పాలను మద్రాసు చేర్చాడు, 1859లో వాటిలో కొన్ని ఓడెక్కి లండన్ వెళ్లాయి. ఆ రాళ్లు ఎక్కడుండాలన్న ప్రశ్న అమరావతి ఊరివాళ్లను ఎవరూ అడగలేదు. రాయి పుట్టినప్పుడు అందరికీ అందులో వాటా ఉంది, మ్యూజియం చేరేసరికి ఎవరికీ లేకుండా పోయింది. సుస్థిరాభివృద్ధిలో మ్యూజియంల పాత్ర గురించి ఇప్పుడు ప్రపంచమంతటా నడుస్తున్న చర్చకు అసలు మూలం ఈ తేడాలోనే ఉందని నా నమ్మకం.

చర్చలో అందరూ వాడే మాట 'స్టేక్‌హోల్డర్లు'. తెలుగులో భాగస్వాములు అంటున్నాం. ప్రభుత్వ శాఖలు, దాతలు, పరిశోధకులు, బడులు, చుట్టుపక్కల జనం, చేతివృత్తులవాళ్లు, పర్యాటకులు, ఆఖరికి టికెట్టు కౌంటరు ముందు చెరుకురసం అమ్మే మనిషి దాకా అందరినీ ఈ ఒక్క మాట కిందికి తెచ్చేస్తున్నాం. చిక్కల్లా ఇక్కడే వస్తోంది. వచ్చి చూసిపోయేవాడినీ, సంతకంతో మ్యూజియం గతి మార్చగలవాడినీ ఒకే పేరుతో పిలిస్తే, ఇద్దరికీ సమానమైన బలం ఉందన్న భ్రమ కలుగుతుంది. అందుకే ఈ సమీక్షలో ఒక్క కొలతే పెట్టుకుంటున్నాను. ఏది సేకరించాలి, దాని కథ ఎలా చెప్పాలి, వచ్చిన రాబడి ఎటు పోవాలి అన్న మూడు విషయాల్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లే భాగస్వాములు. మిగిలినవాళ్లు ఎంత ముఖ్యులైనా సందర్శకులో, లబ్ధిదారులో అవుతారు. ఈ కొలతతో చూస్తే, అభివృద్ధికి నిజంగా తోడ్పడిన మ్యూజియంలు నిర్ణయాన్ని పంచుకున్నవేనని కనిపిస్తుంది.

ఆలోచనగా ఇది కొత్తది కాదు. 1972లో యునెస్కో, అంతర్జాతీయ మ్యూజియంల మండలి కలిసి చిలీ రాజధాని శాంటియాగోలో జరిపిన సమావేశం, లాటిన్ అమెరికాలోని పేదరికం, వలసలు, పొలాల సమస్యలు మ్యూజియం గడప బయట ఆగిపోకూడదని చెప్పింది. దాదాపు అదే కాలంలో ఫ్రాన్స్‌లో జార్జ్ హెన్రీ రివియేర్, హ్యూగ్ ద వారీన్ 'ఎకో మ్యూజియం' భావనకు రూపమిచ్చారు. ఒక ప్రాంతం, అక్కడి మనుషులు, వాళ్ల పనీపాటా అంతా కలిసి మ్యూజియమే, భవనం అందులో ఒక గది మాత్రమేనని వాళ్ల వాదన. వీటికంటే ముందే, 1967లో, వాషింగ్టన్ నగరంలో నల్లజాతి జనం ఎక్కువగా ఉండే అనకోస్టియా బస్తీలో మూతపడిన ఒక సినిమా హాల్లో స్మిత్‌సోనియన్ సంస్థ చిన్న మ్యూజియం తెరిచింది. దానికి డైరెక్టరుగా వచ్చిన జాన్ కినార్డ్ బస్తీ జనాన్ని అడిగి ప్రదర్శనలు పెట్టాడు. 1969లో అక్కడ పెట్టిన ప్రదర్శన ఎలుకల మీద. చిత్రాలూ శిల్పాలూ కాదు, ఎలుకలు! చెత్త ఎత్తని వీధుల్లో, పట్టించుకోని అద్దె ఇళ్లలో ఆ జనాన్ని రోజూ పీడించేవి అవే. ఆ పని మ్యూజియానిది కాదని అప్పట్లో పెదవి విరిచినవాళ్లున్నారు. కానీ పారిశుద్ధ్యం, ఇల్లు, ఆరోగ్యం ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో ఏ నివేదికా చూపనంత సూటిగా ఆ ప్రదర్శన చూపింది. సుస్థిరాభివృద్ధి అన్న మాట 1987 నాటి బ్రంట్‌లాండ్ నివేదికతో వాడుకలోకి రావడానికి దాదాపు రెండు దశాబ్దాల ముందే ఒక బస్తీ మ్యూజియం దాన్ని ఆచరణలో పెట్టింది.

ఆ తర్వాత కాగితాలు చాలా వచ్చాయి. 2015లో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ప్రకటించింది. సాంస్కృతిక, సహజ వారసత్వ రక్షణకు అందులో దక్కింది నగరాల లక్ష్యం కింద ఉన్న 11.4 అనే ఒక్క వాక్యం. అదే ఏడాది యునెస్కో మ్యూజియంల సామాజిక పాత్రపై ప్రత్యేక సిఫారసు చేసింది. 2019లో క్యోటోలో అంతర్జాతీయ మ్యూజియంల మండలి మ్యూజియం నిర్వచనాన్ని మార్చబోతే సభ్యులు కొట్లాడుకుని వాయిదా వేశారు. 2022 ఆగస్టులో ప్రాగ్‌లో 92 శాతానికి పైగా ఓట్లతో కొత్త నిర్వచనం నెగ్గింది. సుస్థిరత, సమాజాల భాగస్వామ్యం అన్న మాటలు మొదటిసారి నిర్వచనంలోకి ఎక్కాయి. క్యోటోలో జరిగిన గొడవను నేను తప్పుపట్టను. మ్యూజియం పని దాచడమా, జనంతో కలిసి మార్పు తేవడమా అన్న ప్రశ్న మీద కొట్లాడుకోవలసిందే. ప్రాగ్ నిర్వచనం రెండూ అంది. అయితే అవి ఢీకొన్నప్పుడు ఎవరి మాట నెగ్గాలో చెప్పలేదు. ఆ సంగతి ఒక్కో మ్యూజియం తన నేల మీద తేల్చుకోవలసిందే.

మన నేల మీద ఈ ప్రశ్నకు నాగార్జునకొండను మించిన పాఠం లేదు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న కృష్ణా లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోతుందని తేలాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో భారత పురావస్తు శాఖ లోయంతా తవ్వింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఒకవైపు కట్ట లేస్తుంటే మరోవైపు స్తూపాలనూ విహారాలనూ ఇటుక ఇటుకగా ఊడదీసి, కొన్నిటిని కొండ మీదా, కొన్నిటిని కుడి ఒడ్డున అనుపులోనూ మళ్లీ పేర్చారు. నీళ్లు చుట్టుముట్టాక కొండ ద్వీపమైంది, ద్వీపం మీద మ్యూజియం వెలిసింది. సాంకేతికంగా ఇది గర్వపడాల్సిన పనే, ఆ రోజుల్లో ప్రపంచంలోనే అరుదైన ప్రయత్నం. అభివృద్ధీ వారసత్వమూ ఒకదాన్నొకటి మింగేయనక్కర్లేదని నిరూపించిన పని అది. లక్షల ఎకరాలకు నీళ్లొచ్చాయి, శిల్పాలు మిగిలాయి. ఆ మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఒకటుంది. ఏ స్తూపం ఎక్కడుండేదో, నది ఎటు మలుపు తిరిగేదో పైనుంచి చూసినట్టు తెలుస్తుంది. ఛాయాస్తంభాలూ ఉన్నాయి. పదిహేడు వందల ఏళ్ల కిందట పోయినవాళ్ల జ్ఞాపకంగా నిలిపిన రాళ్లవి. కానీ ఆ మ్యూజియం ప్రధానంగా చెప్పే కథ ఇక్ష్వాకులదీ, బౌద్ధానిదీ, అంతకు ముందున్న రాతి యుగాలదీ. 1950ల్లో ఆ లోయలో దున్నుకుంటూ బతికి, ఊళ్లు వదిలి గట్టెక్కినవాళ్లు ఆ కథలో పాత్రలు కాలేదు. మూడో శతాబ్దపు మృతులకు స్తంభం దక్కింది, ఇరవయ్యో శతాబ్దపు నిర్వాసితులకు పలక కూడా దక్కలేదు. పురావస్తు శాఖ తప్పని నేననను. ఆ శాఖకు అప్పగించిన పని రాళ్లను కాపాడడం, ఆ పని అది చేసింది. మనుషుల జ్ఞాపకం ఎవరికీ అప్పగించని పని అయింది.

ఇక ఈ రోజు ఆ ద్వీపం ఎవరి చేతుల్లో ఉందో చూడండి. మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది. అక్కడికి వెళ్లే లాంచీలు పర్యాటక శాఖవి. నీటిమట్టం సాగునీటి అధికారుల లెక్క. 2014 తర్వాత జలాశయానికి అటో రాష్ట్రం, ఇటో రాష్ట్రం. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగాక ఆంధ్రప్రదేశ్‌లో పర్యాటక పడవలన్నీ ఆగిపోయాయి. పడవ లేకపోతే ఆ మ్యూజియానికి దారే లేదు. శిల్పాలకు ఏమీ కాలేదు, మ్యూజియం మాత్రం జనానికి దూరమైంది. లాంచీ నడిపేవాళ్లు, రేవులో కొట్టు పెట్టుకున్నవాళ్లు, గైడులు, వాళ్ల సంపాదన కూడా దాంతోపాటే ఆగింది. భాగస్వాములను లెక్కపెట్టడమంటే సభల్లో జాబితా చదవడం కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఎవరో ఒకరు పక్కకు జరిగితే ఏది ఆగిపోతుందో తెలుసుకోవడమే ఆ లెక్క.

నిర్వాసితుల జ్ఞాపకాన్నే మ్యూజియంగా నిలిపితే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలో తెలుస్తుంది. కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ ప్రాంతాన్ని 1966లో జాత్యహంకార ప్రభుత్వం తెల్లవాళ్లకే కేటాయించి, 60 వేల మందికి పైగా జనాన్ని వెళ్లగొట్టి ఇళ్లు కూల్చింది. 1994లో అక్కడే ఒక పాత చర్చిలో మ్యూజియం మొదలైంది. నేల మీద ఆ పేట పటం పెద్దదిగా పరిచారు. వచ్చిన పాత కాపురస్థులు వంగి, తమ ఇల్లు ఎక్కడుండేదో వెతుక్కుని, అక్కడ తమ పేరు రాశారు. కూల్చివేత పనిలో ఉన్న ఒకతను పారేయకుండా దాచిన వీధుల పేర్ల బోర్డులు పైనుంచి వేలాడుతున్నాయి. ఆ పటం చూడముచ్చటైన ప్రదర్శనగా ఆగిపోలేదు. భూమి వాపసు కోరినవాళ్లకు అది కలుసుకునే చోటైంది, సాక్ష్యం చెప్పుకునే చోటైంది. నాగార్జునకొండలోని లోయ నమూనాకూ ఈ పటానికీ తేడా ఒక్కటే. మొదటిది నిపుణులు తయారుచేసి చూపించారు, రెండోది ఆ నేల పోగొట్టుకున్నవాళ్లు తమ చేత్తో పూర్తిచేశారు. సేకరణలో వాటా అంటే అదే.

జీవనోపాధి దగ్గరికొస్తే భారతదేశంలో మంచి ఉదాహరణలున్నాయి. జోధ్‌పూర్ దగ్గర మోక్లావాస్‌లో జానపద పరిశోధకుడు కోమల్ కొఠారీ ఆలోచనతో పుట్టిన అర్నా ఝర్నా మ్యూజియం చీపుళ్లను కేంద్రంగా తీసుకుంది. మన ఇళ్లలో తలుపు చాటున దాచే వస్తువది. కాలు తగలకూడదు, నిలబెట్టకూడదు, దీపాలు పెట్టే వేళ ఊడవకూడదు. ఇంత పట్టింపున్న వస్తువును తయారుచేసేవాళ్లు మాత్రం అట్టడుగు కులాలవాళ్లు, సంచార జాతులవాళ్లు. చీపురు వెంట వెళితే ఎడారిలో ఏ గడ్డి ఎక్కడ మొలుస్తుంది, ఎవరు కోస్తారు, ఎవరు కడతారు, ఎంతకు అమ్ముతారు అన్నవన్నీ బయటపడతాయి. పర్యావరణం, కులం, సంత, నమ్మకం ఒక్క వస్తువులో కనిపిస్తాయి. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996 నుంచి నడుస్తున్న దక్షిణచిత్రలో మన నల్గొండ ప్రాంతపు ఇక్కత్ నేతగాడి ఇల్లు, ఉత్తర కోస్తా చుట్టిల్లు ఉన్నాయి. ఊళ్లలో కూలిపోతున్న ఇళ్లను తెచ్చి నిలబెట్టడంతో వాళ్లు ఆగలేదు. పనివాళ్లే కూర్చుని పనిచేసి, అమ్ముకునే చోటు చేశారు. ఈ దారిలో మన ప్రాంతంలో వేయాల్సిన అడుగులు చాలా ఉన్నాయి. కొండపల్లి బొమ్మను గాజు పెట్టెలో పెట్టడం తేలిక. ఆ బొమ్మ తెల్లపొణికి కర్రతో అవుతుంది. చుట్టుపక్కల కొండల్లో పొణికి తగ్గిపోతున్నకొద్దీ పనివాళ్లు కర్ర కోసం తిప్పలు పడుతున్నారు. ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు కర్ర కావాలి. బొమ్మను సేకరించిన మ్యూజియం చెట్టు సంగతి మాది కాదంటే, కొన్నేళ్లకు దాని దగ్గర మిగిలేది ఒక వృత్తి తాలూకు చివరి జ్ఞాపకమే. అటవీ శాఖనూ, బొమ్మల పనివాళ్ల సంఘాన్నీ, కొనుగోలుదార్లనూ ఒకచోట కూర్చోబెట్టగలిగే సంస్థ ఊళ్లో ఏముంది? కలెక్టరు కార్యాలయానికి అది వంద పనుల్లో ఒకటి. వృత్తి చరిత్ర మొత్తం చేతిలో ఉన్న మ్యూజియానికే ఆ పిలుపు పిలిచే అర్హత ఉంది.

భవనం లోపలి పొదుపు సంగతి త్వరగా చెప్పేయొచ్చు. ఏడాది పొడవునా ఒకే చల్లదనం, ఒకే తేమ ఉండాలన్న పాత పట్టుదలకు కరెంటు విపరీతంగా ఖర్చవుతుంది. పెద్ద మ్యూజియంల బీజో బృందం సాధారణ వస్తువులకు 16 నుంచి 25 డిగ్రీలు, 40 నుంచి 60 శాతం తేమ మధ్య ఉంటే చాలని సడలించింది. బెజవాడ ఎండల్లో అది కూడా చిన్న పనేం కాదు. కానీ నిమ్మగడ్డి నూనె పూసి, చెక్క పలకల మధ్య బిగించి, గుడ్డలో చుట్టి వందల ఏళ్లు తాళపత్రాలను కాపాడుకున్న ఊళ్లు మనవి. దళసరి గోడ, చావడి, గాలి ఆడే కిటికీ అన్నవీ పరిరక్షణ శాస్త్రంలో భాగమేనని ఒప్పుకుంటే సగం బిల్లు దిగుతుంది.

డబ్బు సంగతి అంత తేలిక కాదు. ముంబైలో 1872 నాటి భావూ దాజీ లాడ్ మ్యూజియం శిథిలమైతే, 2003లో నగరపాలక సంస్థ, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్, జమ్నాలాల్ బజాజ్ ఫౌండేషన్ మూడు పక్షాల ఒప్పందం చేసుకుని పునరుద్ధరించాయి. 2005లో దానికి యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. ఆస్తి నగరానిదే, నైపుణ్యం ఒకరిది, డబ్బు ఇంకొకరిది, బాధ్యతలు కాగితం మీద స్పష్టం. ఇది పనిచేసింది. దీనికి ఎదురుగా బ్రిటిష్ మ్యూజియం 2023లో బీపీ చమురు కంపెనీ నుంచి పదేళ్లకు 5 కోట్ల పౌండ్లు తీసుకోవడానికి ఒప్పుకుంది. అమరావతి శిల్పాలున్న మ్యూజియం అదే. పైకప్పు బాగుచేసుకోవాలి, డబ్బు కావాలి, నిజమే. కానీ వాతావరణ మార్పు గురించి రేపు ఆ గదుల్లో ఏం చెప్పినా వినేవాడు ముందు దాత పేరు చూస్తాడు. బ్రిటన్‌లోనే టేట్ గ్యాలరీలు అదే కంపెనీ డబ్బు లేకుండా 2017 నుంచి నడుస్తూనే ఉన్నాయి. దాతకు కృతజ్ఞత చెప్పవచ్చు, కథ చెప్పే హక్కు మాత్రం ఇవ్వకూడదు. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల వైపు చూస్తున్న మన మ్యూజియంలకు ఈ గీత ఇప్పుడే గీసుకోవడం అవసరం.

అభ్యంతరాలు మూడు తరచుగా వినిపిస్తాయి. మొదటిది నిపుణులది. జనం చేతికిస్తే వస్తువు పాడవుతుంది, చరిత్ర పురాణమవుతుంది అంటారు. ఈ భయం ఉత్తిది కాదు. స్థలపురాణం కోసం శాసనాన్ని తప్పుగా చదివే పట్టుదల మనకు కొత్తా? అయితే పరిరక్షణ పద్ధతినీ, కాలనిర్ణయాన్నీ ఓటుకు పెట్టమని ఎవరూ అనడం లేదు. లిపి చదవడం నిపుణుడి పని. ఏ కథలు వదిలేశామో అడగడం, ఏ భాషలో చెప్పాలో, ఏ రోజు టికెట్టు తీసేయాలో తేల్చడం జనం పని. రెండో అభ్యంతరం మేనేజర్లది. చాలా స్థల మ్యూజియంల్లో కాపలా మనిషికీ, గది ఊడ్చే మనిషికీ జీతాలే కష్టం, వాళ్ల మీద పేదరికం, వాతావరణం అన్నీ ఎత్తితే ఎలా అంటారు. ఇదీ న్యాయమే. కానీ భాగస్వామ్యం కొత్త పథకమని అనుకోవడంలోనే పొరపాటుంది. ఊరి బడి పిల్లలే వారానికోసారి గైడులైతే, పక్కనే ఉన్న మహిళా సంఘమే క్యాంటీన్ నడిపితే, మ్యూజియం ఖర్చు పెరగదు, కాపలా పెరుగుతుంది. ఊరికి తనదనిపించిన రాయిని దొంగ ఎత్తుకుపోవడం కష్టం.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది, దానికి నా దగ్గరా పూర్తి జవాబు లేదు. సమాజం అంటే ఎవరు? ఊళ్లో సమావేశం పెడితే ముందు వరసలో కూర్చునేది ఎవరో మనకు తెలుసు. భాగస్వామ్యం పేరుతో మ్యూజియం పెద్దకులాల, పెద్ద కాంట్రాక్టర్ల చేతికి పోయే ప్రమాదం నిజమైనదే. ఆ ప్రమాదానికి భయపడి అధికారి ఒక్కడికే వదిలేస్తే మాత్రం అదే జనం అదే అధికారిని చీకట్లో కలుస్తారు. అందుచేత ఎవరు మాట్లాడారో, ఎవరి మాట విన్నారో రాసి బయటపెట్టే పద్ధతి కావాలి. అమరావతి రాతి మీద వర్తకుడి పేరుతోపాటు తోళ్ల పనివాడి పేరూ ఉందంటే అప్పటి సమాజంలో కులం లేదని కాదు, ఇచ్చినవాడి పేరు చెక్కాలన్న నియమం ఉందని. ఆ నియమాన్నే మనం మళ్లీ తెచ్చుకోవాలి.

చట్టం దీనికి అడ్డు కాదు. సాలార్‌జంగ్ మ్యూజియాన్ని 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థగా ప్రకటించారు, గవర్నరు అధ్యక్షతన పాలక మండలి ఉంది. గంట కొట్టే వేళకు మ్యూజికల్ గడియారం ముందు జనం నేల మీద కూర్చుని, మెడలెత్తి, ఆ గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా ఊపిరి బిగబట్టి చూస్తారు. హైదరాబాదులో ఇంత ప్రేమ పొందిన యంత్రం ఇంకోటి లేదు. ఆ ప్రేమ చూసి, ఆ జనం మ్యూజియంలో భాగస్వాములు అనేయడం మాత్రం తొందరపాటు. పాతబస్తీ నుంచి బిద్రీ పనివాడో, జర్దోజీ కుట్టే మనిషో, మూసీ ఒడ్డున కాపురముంటున్న మనిషో పాలక మండలికి సలహా ఇచ్చే చోట కూర్చున్న రోజున ఆ మాట అనవచ్చు. ఇలాంటి సలహా సంఘాన్ని వేసుకోవడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక తీర్మానం చాలు.

ఈ వాదన ఊరికే గతం గురించి కాదు. పోలవరం ప్రాజెక్టు కింద లక్షకు పైగా కుటుంబాలు కదలాల్సి వస్తోంది, వాళ్లలో కోయలూ కొండరెడ్లూ ఎక్కువ. అక్కడ కూడా ముంపు నేలలో తవ్వకాలు, వాటి వస్తువులు, వాటికో మ్యూజియం అన్న ఆలోచనలు రాక మానవు. నాగార్జునకొండలో చేసినంత శ్రద్ధగా రాళ్లను ఎత్తి పెట్టడం మనకు చేతనవును. ఈసారి తవ్వకం మొదలయ్యే రోజునే మనుషుల లెక్క కూడా మొదలుపెట్టవచ్చు. ఏ ఊళ్లో ఎవరి ఇల్లు, ఏ చెట్టు కింద ఏ దేవత, ఏ కొండ మీద ఎవరి పోడు, ఏ వాగుకు కోయ భాషలో ఏం పేరు అన్నవి ఊళ్లు ఖాళీ కాకముందే, ఆ ఊరివాళ్ల నోటితో, వాళ్ల పేర్లతో రాసుకోవాలి. పునరావాస కాలనీలో ఒక గది, ఒక పెద్ద పటం, దాన్ని చూసుకునేందుకు ఆ కాలనీ పిల్లల్లో ఇద్దరికి జీతం. ఒక అంతర్జాతీయ ప్రదర్శనకు అయ్యే ఖర్చులో ఇది ఎంతో కాదు, ఊళ్లు కదిలిపోయాక ఎంత ఖర్చుపెట్టినా దొరికేదీ కాదు.